పొందుకున్నాను

ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉతికే ఆ నేలమాళిగలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు. సబ్బునీళ్ళలో కాలు జారినా స్తోత్రం, జారబోయి నిలదొక్కుకున్నా స్తోత్రం, ఆఖరికి సూపర్‌వైజరు తిట్టి వెళ్ళినా అతని వీపుకేసి ఒక స్తోత్రం. అలా అలా స్తోత్రమ్మ అయి కూర్చుంది. మొదట్లో వెక్కిరింతకే పెట్టారు ఆ పేరు. తర్వాత వెక్కిరింత అరిగిపోయి పేరు మిగిలింది.

కష్టాల సంగతికొస్తే ఆమెకు ఎవరూ అప్పివ్వనక్కర్లేదు. మొగుడు పన్నెండేళ్ళ కిందట ఒంటిసబ్బు కొనుక్కొస్తానని వెళ్ళాడు. ఆ సబ్బు ఇంకా దొరికినట్టు లేదు. చూపు మందగించిన అత్తగారిని మాత్రం వదిలి వెళ్ళాడు. ఒకే గదిలో ఇద్దరూ ఉంటారు. ముసలామెకు తల దువ్వి, గోళ్ళు తీసి, ముద్ద కలిపి పెట్టి అప్పుడు పనికి బయల్దేరుతుంది స్తోత్రమ్మ. ఆపైన షుగరు. కుడి అరికాలి కింద రూపాయి బిళ్ళంత పుండు, ఏడాదిగా మానదు, ముదరదు. ఇన్ని ఉన్నా పనిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా వాళ్ళ బండి తనే తోసేది. తన అన్నం సగం పెట్టేది. "నీ దేవుడు నిన్ను బానే చూసుకుంటున్నాడు కదమ్మా!" అని బాయిలరు దగ్గర పనిచేసే బాబాయ్ ఎగతాళి చేస్తే, "చూసుకోకపోతే ఇంత పని ఎవరు చేయిస్తున్నారు బాబాయ్?" అనేది. అతను నవ్వేసేవాడు. ఆ నవ్వులో కాస్త గౌరవం కూడా ఉండేది, పైకి ఒప్పుకునే రకం కాదు గానీ.

నన్నడిగితే ఆమె అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ ఆమె వెళ్ళే ప్రార్థన మందిరంలో ఆ సేవ లెక్కలోకి రాదు.

ప్రతి ఆదివారం పాటలయ్యాక పాస్టరు అయ్యగారు ఒక ప్రశ్న అడిగేవారు. "ఈ వారం ఎవరెవరు ఎవరికి సాక్ష్యం చెప్పారు? చేతులెత్తండి." చేతులు లేచేవి. బస్సులో చెప్పినవాళ్ళు, అంగట్లో చెప్పినవాళ్ళు, వాదులాడి నెగ్గివచ్చినవాళ్ళు. స్తోత్రమ్మ చెయ్యి ఒళ్ళోనే ఉండేది. బండి తోశానని చెయ్యెత్తితే బాగుంటుందా? అత్తగారి గోళ్ళు తీశానంటే నవ్వరూ? పదకొండేళ్ళు ఆ చెయ్యి ఒళ్ళోనే ఉంది. పక్కనున్నవాళ్ళు జాలిగా చూసినప్పుడల్లా ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది.

అప్పుడు మూడురోజుల ప్రత్యేక కూటాలు వచ్చాయి. ఎక్కడినుంచో వచ్చిన బోధకుడు, ఎండలో కూడా కోటు విప్పలేదు. "అందుకున్నాక కృతజ్ఞత చెప్పడం ఎవడికైనా చేతనవుతుంది. అందుకోకముందే చెప్పడం విశ్వాసి పని. పొందుకున్నాను అనండి!" అని గర్జించాడు. మందిరమంతా "పొందుకున్నాను" అని హోరెత్తింది. స్తోత్రమ్మ ఏడుస్తూ లేచి నిలబడింది. మాత్రలు మానేసింది. ఆదివారం మైకు పట్టుకుని, "నా షుగరు వ్యాధి పోయింది, నేను స్వస్థత పొందుకున్నాను" అని సాక్ష్యం చెప్పింది. ఆ నోటితో ఆమె అబద్ధం చెప్పలేదు. అక్షరాలా నమ్మే చెప్పింది. నాలుగు రోజులు అది నిజం.

ఐదో రోజు గది గుమ్మంలో విరుచుకు పడిపోయింది. చూపు ఆనని అత్తగారు తడుముకుంటూ అలమర దగ్గరికి వెళ్ళి, డబ్బాలన్నీ వాసన చూసి, మాత్ర వెతికి కోడలి నోట్లో పెట్టింది. తెలివి వచ్చాక, "ముందు బతుకు, తర్వాత నమ్ముకుందువుగాని" అంది ముసలామె. ఆ రోజునుంచి మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, చాటుగా. రేకుతో చేసిన ఒక పిప్పరమెంటు డబ్బాలో మాత్రలు పోసుకుని నడుం దగ్గర దోపుకునేది. స్నానాల గదిలో గడియపెట్టుకుని మింగేది. గొంతు కోసం పిప్పరమెంటు చప్పరిస్తోందనుకునేవారు అందరూ. బోధకుడు మాత్రం ఎప్పుడో కోటుతో సహా వెళ్ళిపోయాడు.

మరి లేచి నిజం చెప్పేయొచ్చుగా? చెప్పొచ్చు. కానీ అప్పటికి అయ్యగారు ప్రతి ప్రార్థనలోనూ ఆమె పేరెత్తుతున్నారు. కొత్తవాళ్ళొస్తే "ఈ సహోదరిని అడగండి" అని చూపిస్తున్నారు. పదకొండేళ్ళు ఒళ్ళో ఉన్న చెయ్యి ఇప్పుడు అందరికంటే ముందు లేస్తోంది. ఆ చెయ్యి దించడం ఆమెవల్ల కాలేదు. అంతే సంగతి. దానికి వేరే పెద్ద పేర్లు పెట్టక్కర్లేదు.

ఇక రోలరు దగ్గర ఆమె జంట పొడుగుపిల్ల. పాతికేళ్ళుంటాయేమో, నిలబడితే తల ఆవిరి గొట్టానికి తగులుతుంది. ఉతికిన దుప్పటిని ఇద్దరూ చెరో కొస పట్టి బిగలాగి, అంచు సమం చేసి, వేడి రోలరు నోటికి అందించాలి. అది లాక్కుని అవతలవైపు పొడిగా, ఇస్త్రీగా వదుల్తుంది. రోజుకు నాలుగువందల దుప్పట్లు. ఒకరు ఊపిరి పీలిస్తే రెండోవాళ్ళు వదలాలి, అంత లయ కుదరాలి. ఈ ఇద్దరికీ కుదిరింది. రోలరు ముందు ఒక ఎర్రకడ్డీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే మిషను ఆగిపోతుంది. ప్రతి మడతకీ తగిలి ఆగిపోతోందని విసిగిపోయి, సూపర్‌వైజరు చూస్తుండగానే అందరూ కలిసి దాన్ని చింకిగుడ్డతో పైకెత్తి కట్టేశారు.

పొడుగుపిల్లకు మూర్ఛ ఉందని ఆ నేలమాళిగలో స్తోత్రమ్మకొక్కదానికే తెలుసు. చేరిన కొత్తలో మాసిన బట్టల గదిలో పడిపోతే తల కింద తువ్వాలు పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, "కాలు జారిందండీ" అని సూపర్‌వైజరుకు సర్దిచెప్పింది తనే. తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది మరి. అప్పట్నుంచి పొడుగుపిల్ల ఆమె నీడ అయిపోయింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్ర వేసుకునేది. దాంతో కళ్ళు మూతలు పడుతున్నాయని తిట్టుకునేది.

ఒకరోజు అన్నాల దగ్గర అడిగింది. "అక్కా, నీ షుగరు నిజంగానే పోయిందా?"

చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు. ఎదురుగా బాయిలరు బాబాయ్, ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు. స్తోత్రమ్మకు ఆదివారం మైకులో చెప్పిన సాక్ష్యం జ్ఞాపకం వచ్చింది.

"ఆ రోజునుంచి ఒక్క మాత్ర ముట్టుకుంటే ఒట్టు."

అంది. అనేసింది. బాబాయ్ ముద్ద మింగి, "అయితే ఆ మాత్రలు నాకన్నా ఇవ్వాల్సింది, మా ఆవిడకు పనికొచ్చేవి" అన్నాడు. అందరూ నవ్వారు. పొడుగుపిల్ల మాత్రం నవ్వలేదు.

ఆ ఆదివారమే మందిరానికి వచ్చింది. తలుపు దగ్గర తల వంచుకుని లోపలికి రావాల్సి వచ్చింది, అంత పొడుగు. స్తోత్రమ్మ పక్కనే కూర్చుంది. పిలుపు ఇచ్చినప్పుడు లేచి, "పొందుకున్నాను" అంది చిన్నగా. అయ్యగారు ఆనందంతో మైకు అందించారు. స్తోత్రమ్మ వెనకనుంచి "ఏం పొందుకున్నావే?" అని అడుగుదామనుకుని అడగలేదు. అడగకపోయినా తెలుసు.

మర్నాడు రోలరు దగ్గర ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. "మాత్రలన్నీ పొట్లం కట్టి బాబాయ్‌కిచ్చి బాయిలర్లో వేయించేశానక్కా. ఒక్కటి కూడా ఉంచుకోలేదు. ఉంచుకుంటే అది అవిశ్వాసమే కదా?"

స్తోత్రమ్మ చేతిలో దుప్పటి కొస జారింది. "అదికాదే... అప్పుడప్పుడూ ఒకసారి డాక్టరుకి చూపించుకుంటే..."

"నువ్వు చూపించుకున్నావా?"

రోలరు చప్పుడు చేస్తూనే ఉంది. నడుం దగ్గర పిప్పరమెంటు డబ్బా ఒరుసుకుంటోంది.

"లేదు" అంది స్తోత్రమ్మ.

ఇక ఆ పైన రోజూ ఇదే తంతు. పొద్దున చెబుదామనుకుంటుంది, మధ్యాహ్నానికి వాయిదా. మధ్యాహ్నం ఆ పిల్ల పాడుకుంటూ ఉంటుంది, సాయంత్రానికి వాయిదా. మింగలేదు, కక్కలేదు. ఒకరోజు పొడుగుపిల్ల చెయ్యి చాపి, "గొంతు ఎండిపోతోందక్కా, నీ పిప్పరమెంటు ఒకటియ్యి" అంది. స్తోత్రమ్మ డబ్బా మీద అరచెయ్యి అడ్డంపెట్టి, "అయిపోయాయమ్మా" అంది. డబ్బా కదిలి గలగలమంది. ఆ పిల్ల విని కూడా ఏమీ అనుకోలేదు. అక్కకు ఇష్టమైనవి కాబోలు, దాచుకుంటోందనుకుంది.

పదిరోజులు గడిచాయి. పదిహేను. ఏమీ కాలేదు. పైగా నిద్రమత్తు వదిలి ఆ పిల్ల రెట్టింపు పని చేస్తోంది. మనిషి మనసు ఎంత చవకదంటే, పదహారోరోజుకు స్తోత్రమ్మకు భయం పోయి ఆశ పుట్టింది. నాకు చెయ్యకపోయినా దీనికి చేశాడేమో దేవుడు! నా అబద్ధాన్ని దీనిలో నిజం చేస్తున్నాడేమో! అలా అనుకుని ఆమె మోకాళ్ళ మీద పడి ఏడ్చి స్తోత్రాలు చెప్పింది. ఆ రోజు మాత్ర కూడా మానకుండా వేసుకుంది.

పంతొమ్మిదో రోజు, పొద్దున పదిన్నరకు, నూటపద్దెనిమిదో దుప్పటి.

పొడుగుపిల్ల పాట మధ్యలో ఆపింది. కళ్ళు పైకి వెళ్ళాయి. దుప్పటి కొస పట్టుకున్న పిడికిలి బిగుసుకుంది, వదల్లేదు. మూర్ఛలో వదలవు పిడికిళ్ళు. రోలరు దుప్పటిని ఎంత శ్రద్ధగా లాక్కుంటుందో చేతినీ అంతే శ్రద్ధగా లాక్కుంది. ఎర్రకడ్డీ పైకెత్తి కట్టేసి ఉంది. స్తోత్రమ్మ గోడ మీది మీట దగ్గరికి పరిగెత్తడానికి ఏడు అంగలు పట్టింది. పుండు కాలితో ఏడు అంగలు. మీట నొక్కేసరికి మణికట్టు దాటిపోయింది. అవతలవైపునుంచి దుప్పటి సగం పొడిగా, ఇస్త్రీగానే వచ్చింది.

అరిచింది ఆ పిల్ల కాదు. ఆమెకు తెలివి లేదు. అరిచింది బాయిలరు బాబాయ్.

పై అంతస్తుకు మోసుకెళ్ళారు. సొంత ఆసుపత్రి కాబట్టి దూరం లేదు, అదొక్కటే అదృష్టం. కుడిచెయ్యి మోచేతి కిందివరకు తీసేశారు. సాయంత్రంలోగా సూపర్‌వైజరు ఎర్రకడ్డీకున్న చింకిగుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాడు. అది చూసినవాళ్ళందరూ గోడలకేసి తిరిగారు. తర్వాత అతను స్తోత్రమ్మను గదిలోకి పిలిచాడు.

"ఆ అమ్మాయికి ఫిట్స్ ఉన్నాయట, డాక్టర్లంటున్నారు. మందులు వేసుకోవడం లేదట. నీకు తెలుసా? నీ జంటే కదా."

"నాకు తెలీదండీ."

అనేసి బయటికొచ్చి స్నానాల గదిలో గడియ పెట్టుకుంది. పిప్పరమెంటు మాట వదిలేసినా, అడిగితే బొంకడం ఇది మూడోసారి. కోడి కూసేలోగా ప్రభువును ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడి కథ మందిరానికి వెళ్ళేవాళ్ళకెవరికైనా తెలుసు. ఆమెకూ తెలుసు. బయట కోడి కూయలేదు గానీ డ్రైయరు బజరు మోగింది.

వారం పాటు వార్డుకు వెళ్ళలేదు. పుండు నొప్పి, అత్తగారికి జ్వరం, సాకులకేం కరువు! ఎనిమిదోరోజు పొడుగుపిల్ల తల్లి వెతుక్కుంటూ నేలమాళిగకు వచ్చింది. కూతురంత పొడుగు, కూతురికంటే సన్నం.

"అమ్మా, స్తోత్రమ్మంటే మీరేనా? మా పిల్ల మిమ్మల్నే కలవరిస్తోంది. నర్సులిచ్చే ఫిట్సు మాత్రలు మింగడం లేదు. నాలిక కింద పెట్టుకుని, వాళ్ళెళ్ళాక ఉమ్మేస్తోంది. ఇంకోసారి ఫిట్స్ వస్తే కుట్లు తెగి రక్తం పోతుంది, ప్రాణం మీదికొస్తుందన్నారు డాక్టరుగారు. మీరు చెబితే వింటుంది. వచ్చి చెప్పండి తల్లీ, మీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగింది. పుండున్న కాలే దొరికింది ఆమె చేతికి.

వార్డులో అయ్యగారు అప్పటికే ఉన్నారు. పళ్ళు తెచ్చారు, ప్రార్థన చేశారు. చెడ్డమనిషి కాదు. తనకు తెలిసిన ఓదార్పు అదే. "నీ విశ్వాసంలో ఎక్కడో చిన్న బీట ఉంది తల్లీ. అయినా దేవుడు ప్రాణం దక్కించాడు. ఈ అక్కను చూసి నేర్చుకో" అని స్తోత్రమ్మ భుజం తట్టి వెళ్ళిపోయారు.

పొడుగుపిల్లకు మంచం చాలలేదు, పాదాలు బయటికి వేలాడుతున్నాయి. కట్టు కట్టిన మొండిచెయ్యి దిండు మీద ఉంది. కింద పరిచినది వాళ్ళు ఉతికిన దుప్పటే.

"వచ్చావా అక్కా! నీకోసమే చూస్తున్నా. నీకు స్వస్థత వచ్చింది, నాకు రాలేదు. బీట ఎక్కడుందో నాకు తెలుసు. పద్దెనిమిదోరోజు కళ్ళు తిరిగినట్టయితే, మాత్రలు కాల్చకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. ఒక్క నిమిషమే అక్కా. దానికి దేవుడు చెయ్యి తీసుకున్నాడు. ఈసారి ఆ ఒక్క నిమిషం కూడా రానివ్వను. నువ్వెలా నమ్మావో నాకు నేర్పు."

తల్లి గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. బల్ల మీద గిన్నెలో ఆ పొద్దుటి మాత్ర ఉంది. నర్సు పెట్టి వెళ్ళింది.

స్తోత్రమ్మ నడుం దగ్గరనుంచి డబ్బా తీసింది. మూత తీసి చూపించింది.

"ఇవి పిప్పరమెంట్లు కావమ్మా."

"మరి?"

"షుగరు మాత్రలు."

పొడుగుపిల్ల నవ్వింది. "ఊరుకో అక్కా, నా చేత మందు మింగించడానికి అమ్మ చెప్పమందా?"

అప్పుడు స్తోత్రమ్మ ఒక మాత్ర తీసి నోట్లో వేసుకుని, నీళ్ళు లేకుండానే మింగింది. గొంతులో అడ్డంపడి దగ్గొచ్చింది. ఆ దగ్గుకు ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఐదో రోజునుంచి."

"అంటే నేను అడిగిననాటికి..."

"వేసుకుంటున్నాను."

"బాయిలర్లో వేశానని చెప్పిననాడు?"

"ఆరోజు పొద్దున కూడా."

"నేను పిప్పరమెంటు అడిగితే అయిపోయాయన్నావు. గలగలమంది. విన్నాను."

"ఇవే అమ్మా."

తల్లి మూడంగల్లో వచ్చి స్తోత్రమ్మ చెంప పగలగొట్టింది. డబ్బా కిందపడి మాత్రలు మంచాల కిందికి దొర్లిపోయాయి. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. స్తోత్రమ్మ చెంప తడుముకోలేదు. రెండోది కూడా పడితే బాగుండుననిపించింది. ఆమె కొట్టలేదు.

"కొట్టకమ్మా" అంది పొడుగుపిల్ల. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఇన్నాళ్ళూ నా తప్పుకే పోయిందనుకున్నాను చెయ్యి. ఏడ్చినా దానికో కారణం ఉండేది. దేవుడికి నా మీద కోపం అనుకున్నా, కోపమన్నా ఉందిగా అనుకున్నా. ఇప్పుడు చూడు. ఊరికే పోయింది. నువ్వు నలుగురిలో చెయ్యెత్తడానికి నా చెయ్యి పోయింది."

స్తోత్రమ్మ వంగి కిందపడ్డ డబ్బా తీసుకుంది. దొర్లిన మాత్రలు ఏరి అందులో వేసింది.

ఆ పిల్ల గిన్నెకేసి చూసింది. "ఆదివారం మైకులో చెప్పు. ఇదంతా. ఆ డబ్బా పట్టుకెళ్ళి చెప్పు. చెప్పి వచ్చాక మింగుతాను."

"చెబుతాను. ఇప్పుడు మాత్రం మింగమ్మా. ఆదివారం ఇంకా మూడురోజులుంది, ఈలోగా ఏదన్నా అయితే..."

"నీ మాట నమ్మాలా?"

నమ్మాలి మరి, వేరే దారి లేదు. పొడుగుపిల్ల నోరు తెరిచింది. స్తోత్రమ్మ గిన్నెలోని మాత్ర ఆ నాలుక మీద పెట్టింది. తల్లి నీళ్ళు పట్టింది.

ఆదివారం అయ్యగారు చేతులెత్తమన్నప్పుడు స్తోత్రమ్మ చెయ్యి లేచింది. అలవాటుగా మైకు వచ్చింది. డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "నాకు షుగరు పోలేదు. ఐదో రోజునుంచి మాత్రలు వేసుకుంటున్నాను. పోయిందని ఒట్టేసి ఒక పిల్లతో చెప్పాను. ఆ పిల్ల నా మాట నమ్మి తన మాత్రలు మానేసింది. ఆమె విశ్వాసంలో ఏ బీటా లేదు, బీట నా నోట్లో ఉంది. దేవుడు అబద్ధమాడలేదు, నేనాడాను. మాత్రలు వేసుకుంటున్నవాళ్ళెవరూ..." అక్కడికి మైకు ఆగిపోయింది. వాద్యాలవాళ్ళు పాటందుకున్నారు. రెండు చరణాలు గట్టిగా పాడారు.

కూటం అయ్యాక చెప్పులు విడిచే చోట ఒక పెద్దాయన దగ్గరికొచ్చి అటూ ఇటూ చూసి, "నేనూ బీపీకి వేసుకుంటున్నానమ్మా, కళ్ళజోడు పెట్టెలో దాచుకుంటాను" అన్నాడు గొంతు తగ్గించి. వెనకాలే ఒకావిడ, "నాది థైరాయిడు" అంది. ఇంకో ఇద్దరు ఆమె కళ్ళలోకి చూసి చూపు తిప్పుకున్నారు. "లేచి చెప్పరాదా మీరూ?" అంది స్తోత్రమ్మ. పెద్దాయన ఉలిక్కిపడి, "అమ్మో" అని చెప్పులు తప్పుగా తొడుక్కుని వెళ్ళిపోయాడు. అయ్యగారు మాత్రం కొన్నాళ్ళు రావద్దన్నారు, సంఘం మనసు కుదుటపడేదాకా. కోపంగా కాదు, బాధగానే అన్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

సోమవారం సూపర్‌వైజరు దగ్గర కూడా నోరు విప్పింది, తన ఒట్టు సంగతీ చెప్పింది, చింకిగుడ్డ సంగతీ చెప్పింది. మర్నాటినుంచి ఆమెను రోలరు దగ్గరనుంచి తీసేసి మాసిన బట్టల గదికి మార్చారు. రక్తం, చీము అంటినవన్నీ అక్కడికే వస్తాయి. బాయిలరు బాబాయ్ ఆ గది గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. హాస్యమాడడానికి ఏమీ దొరకలేదు. బండి తోసిపెట్టి వెళ్ళిపోయాడు.

పని మొదలయ్యేలోపు, పొద్దున ఎనిమిదింటికి, వార్డుకు వెళ్తుంది స్తోత్రమ్మ. ఇప్పుడు తల్లి కూడా అడ్డుచెప్పదు, జరిగి చోటిస్తుంది, మాట్లాడదు. పొడుగుపిల్ల అక్కా అని పిలవడం మానేసింది. ఏ పిలుపూ లేదు.

"ముందు నువ్వు" అంటుంది.

స్తోత్రమ్మ డబ్బా తీసి అందరికీ కనబడేలా తన మాత్ర వేసుకుంటుంది. నీళ్ళు తాగుతుంది.

"నోరు తెరు."

తెరుస్తుంది. నాలుక పైకెత్తి చూపిస్తుంది. పొడుగుపిల్ల మంచం మీదనుంచి ఒరిగి, ఎడమచేత్తో ఆమె గడ్డం పట్టుకుని, వెలుతురుకు తిప్పి, లోపలంతా వెతికి చూస్తుంది. తొందరేం లేదు ఆ చూపుకు. ఏమీ దాచలేదని తేలాక గడ్డం వదిలేసి, అప్పుడు తను నోరు తెరుస్తుంది.